డబ్బా విప్పుడు మహోత్సవం

ఇకమీదట ఇంట్లో వ్రతానికి పంతులు దొరక్కపోయినా సర్దుకోవచ్చు గానీ, పార్సిల్ వచ్చిన పూట కెమెరామన్ దొరక్కపోతే కొంప మునిగినట్టే. అన్‌బాక్సింగ్ వీడియో లేని ఫిర్యాదు చెల్లదని అమ్మేవాళ్లంతా ఏకకంఠంతో తేల్చేశారు కదా. చెప్పులు, చీరల దగ్గర మొదలైన ఈ తంతు ఇప్పుడు లక్షలు పోసి కొనే సైకిళ్ల దాకా పాకింది. 2025 సెప్టెంబరులో సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు దిగిందని వినగానే కరీంనగర్‌లో నా ఈడువాళ్లకు ఒక్కసారిగా ఆరోగ్యం గుర్తుకొచ్చింది. పొద్దున్నే తీగల వంతెన మీద ఎక్కడ చూసినా హెల్మెట్లు, నల్ల కళ్లద్దాలు, బిగుతు లాగులు. నేనూ లక్షా నలభై వేలు పోసి కార్బన్ ఫ్రేము సైకిలొకటి తెప్పించాను.

ముందు షరతులు వినండి. వీడియో మధ్యలో ఆగకూడదు. కత్తిరింపులు, అతికింపులు ఉండకూడదు. టేపు కోయకముందే డబ్బా ఆరు ముఖాలూ చూపించాలి. చిరునామా చీటీ మీది అక్షరాలు చదవగలిగేలా ఉండాలి. అక్కడి నుంచి ఆఖరి నట్టు బయటపడేదాకా ఒకే షాటు. డబ్బా అడుగుభాగం చూపించాలంటే దాన్ని పైకెత్తాలి మరి. నాలుగున్నర అడుగుల పొడవు, దాదాపు ఇరవై కిలోల బరువు. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో కత్తి పట్టుకున్నవాడు మూడో చేయి ఎక్కడి నుంచి తేవాలో షరతుల్లో రాయలేదు. విష్ణుమూర్తికైతే సులువే, శంఖచక్రాలు కాసేపు పక్కన పెడితే చాలు.

మా ఇంట్లో షూటింగు ఇలా సాగింది. కెమెరా మా ఆవిడ. లైటింగు మా వాడు, టార్చి పట్టుకుని. డబ్బా పట్టుకోవడానికి వచ్చిన ఎదురింటి సారు రెండు నిమిషాలకే దర్శకత్వం అందుకున్నాడు. "జర ఇటు తిప్పమ్మా, లేబుల్ మీద ఎలుగు పడ్తలేదు." మా అమ్మ గడపలో కూర్చుని అంతా చూసి, "పైసలిచ్చి కొన్నం గద బిడ్డా, దొంగతనం జేసినట్టు గీ సాక్ష్యాలెందుకు?" అంది. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు, కంపెనీ దగ్గరా లేదు. సరిగ్గా ముందు చక్రం బయటికి లాగుతున్నప్పుడు ఫోను మోగింది. పర్సనల్ లోను కావాలా సార్, అని ఎవరో అమ్మాయి. వీడియో ఆగింది. మా ఆవిడ వద్దని చెప్పి, మళ్లీ మొదలుపెట్టింది.

సైకిలు దెబ్బతిని వచ్చిందని ఫిర్యాదు చేస్తే కంపెనీ జవాబు రెండు వాక్యాలు. వీడియోలో అంతరాయం ఉంది. ఆ అంతరాయంలో నష్టం జరిగి ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేం. అంటే ఏమన్నట్టు? మా ఆవిడ ఫోన్లో లోను వద్దంటున్న ఆ కాస్త వ్యవధిలో నేను లోపలికి పరుగెత్తి, సుత్తి తెచ్చి, లక్షా నలభై వేల సైకిలును కన్నతల్లి ఎదుట, భార్యాబిడ్డల ఎదుట, ఎదురింటి సారు ఎదుట చితక్కొట్టి, సుత్తి దాచేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి నిలబడ్డానన్నమాట. ఇంత చురుకుదనం ఉంటే నాకు వ్యాయామం దేనికి, సైకిలు దేనికి?

పోనీ, వీడియో ఆగలేదనుకుందాం. ఏం కనిపిస్తుంది అందులో? అల్యూమినియం దెబ్బ తింటే సొట్ట పడుతుంది. ఉక్కు వంగుతుంది. కార్బన్ అలా కాదు. పైన రంగు నిగనిగలాడుతూనే ఉండొచ్చు, లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. అల్ట్రాసౌండు లాంటి పరీక్ష చేస్తే గానీ బయటపడని పగుళ్లు కూడా ఉంటాయి. ఏదో ఒక రోజు గోతిలో పడ్డప్పుడు ఫ్రేము ఉన్నట్టుండి విరుగుతుంది. దాన్ని మా ఆవిడ ఫోను కెమెరా పట్టుకోవాలట, అదీ టార్చి వెలుగులో, డబ్బా అందిన 48 గంటల లోపల.

సైకిలును 85 శాతం బిగించి పంపుతామంటారు కంపెనీవాళ్లు, మిగతా 15 శాతంలో బ్రేకులు కూడా ఉన్నాయని మాత్రం అనరు.

ఇంతకీ డబ్బాలో ఏముంది? అన్నిటికంటే పైన ధన్యవాదాల కార్డు. నల్లటి మందపాటి అట్ట, బంగారు అక్షరాలు. ఒట్టేసి చెబుతున్నాను, డబ్బా అట్ట కంటే ఆ కార్డే గట్టిగా ఉంది. దాని కింద స్టిక్కర్లు, నీళ్ల సీసా, 'మా కుటుంబంలోకి స్వాగతం' అని ఒక లేఖ. వాటి కింద సైకిలు. ముందు చక్రం తీసేసి పంపేటప్పుడు ఫోర్కు రెండు కాళ్ల మధ్య ఒక ప్లాస్టిక్ ముక్క అడ్డం పెడతారు, బరువు పడితే కాళ్లు దగ్గరికి నొక్కుకోకుండా. అది లేదు. పెడళ్లను పల్చటి కవరులో వేసి వదిలేశారు. దారి పొడవునా అవి పైరాడ్డు మీద నాట్యం చేసి రంగు చెక్కేశాయి. ఇరుసు కొన అట్టను చీల్చుకుని బయటికి తొంగిచూస్తోంది. బ్రేకు డిస్కు పళ్లెం వంకర. వెనక గేరు చువ్వల వైపు ఒరిగిపోయింది.

మా వీధి చివర మెకానిక్ కింద కూర్చుని ఒక కన్ను మూసి చూశాడు. "సార్, గీ హ్యాంగర్ ఒంగింది. గేరు లోపటికేస్తే ఇది పోయి చువ్వలల్ల పడ్తది, చక్రం ఖతం. డబ్బాల మధ్యన ఏం వెట్టలే? ఎన్కట లూధియానా కెళ్లి వచ్చే మామూలు సైకిళ్లకు సుత రాడ్డు రాడ్డుకు కాయితం సుట్టి తోలుతుండె." హ్యాంగర్ అంటే వెనక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క. దెబ్బ తగిలితే ఫ్రేముకు ఏమీ కాకుండా ముందు తనే వంగిపోవాలని దాన్ని కావాలనే మెత్తగా చేస్తారు. ఈ మొత్తం వ్యవహారంలో తన డ్యూటీ తాను చేసింది అదొక్కటే.

ఆదిలాబాద్‌లో ఉండే మా బామ్మర్ది సైకిలుది యాత్రాచరిత్ర. ఉత్తరాది నుంచి బయల్దేరిన లారీ నాగపూర్ దాటి, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆదిలాబాద్‌ను ఒరుసుకుంటూ, నిర్మల్ మీదుగా హైదరాబాద్ గోదాముకు పోయింది. అక్కడ దించారు, పడేశారు, మళ్లీ ఎక్కించారు. అదే రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్లు వెనక్కి వచ్చింది. డబ్బాను ఎలా పడుకోబెట్టారంటే, 'ఈ వైపు పైకి' అనే బాణం గుర్తు మహారాష్ట్రకు దారి చూపుతోంది.

లారీలో ఎత్తి దించే కుర్రాణ్ణి తిడితే ఊరుకోను. వాడికి కూలి డబ్బాల లెక్కన. నాలుగున్నర అడుగుల పెట్టెను ఒక్కడే మోయాలి, ఆటోలో ఒక్కడే కుక్కాలి. లారీలో డబ్బా మీద డబ్బా పడుతుందని, గోదాములో విసురుతారని, మన రోడ్లు ఎలా ఉంటాయని కంపెనీవాడికి తెలియదా? తెలుసు. తెలిసే, ఒక ప్లాస్టిక్ ముక్క దగ్గర, మూర నురగ గొట్టం దగ్గర పైసలు మిగుల్చుకున్నాడు. ఆ డబ్బు బంగారు అక్షరాల కార్డుకు పోయింది. సర్ది పంపడం అమ్మినవాడి పని. ఆ పని ఎగ్గొట్టి, సాక్ష్యం తెమ్మని కొన్నవాడి మెడ మీద కూర్చోవడం వ్యాపారం కాదు, దౌర్జన్యం. నా డబ్బు ముందే తీసుకున్నావు. సైకిలు చూడకముందే తీసుకున్నావు. నన్ను నమ్మడానికి మాత్రం నీకు సినిమా కావాలా?

సర్దడం రాని దేశమా ఇది? వెంట్రుకల్లాంటి వెండి తీగలతో ఫిలిగ్రీ అల్లే ఊళ్లో ఉంటున్నాను. ఆ పెట్టెలు, పళ్లేలు విదేశాల దాకా వెళ్తాయి. పక్కన నిర్మల్‌లో పొణికి కర్రతో చేసిన బొమ్మలు వేలు తగిలితే రంగు పోతుందేమో అన్నట్టుంటాయి. జగిత్యాల రైతు మామిడికాయను మే ఎండలో ఢిల్లీకి పంపుతాడు, కింద కాగితాలు పరిచి. దెబ్బ తగిలితే నష్టం తనదని వాడికి తెలుసు. తేడా అంతా అక్కడే ఉంది. కాయ చితికిందని ఢిల్లీ వ్యాపారి అంటే, వీడియో చూపించు అనే దమ్ము మన రైతుకు లేదు పాపం.

ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్‌మూఫ్ అనే సైకిళ్ల కంపెనీకీ ఈ బాధే వచ్చింది. వాళ్లు కొన్నవాళ్ల మీద పడలేదు. డబ్బా మీద పెద్ద టీవీ బొమ్మ అచ్చు వేయించారు. మోసేవాళ్లు టీవీ అనుకుని మెల్లగా దించారు. దెబ్బతినడం 70 నుంచి 80 శాతం తగ్గిందని 2016లో కంపెనీయే చెప్పుకుంది. (2023లో ఆ కంపెనీ దివాలా తీసింది, అది వేరే గొడవ.) మన దగ్గర టీవీ బొమ్మకు జంకేవాళ్లెవరూ లేరు. ఈవీఎం బొమ్మ వేస్తే ఫలితం ఉండొచ్చు. ముందొక పోలీసు జీపు, వెనకొక జీపు, దించగానే స్ట్రాంగ్ రూము.

చట్టం సంగతికొస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. అదే నెలలో ఈ-కామర్స్ నియమాలూ వచ్చాయి. లోపమున్న సరుకును వాపసు తీసుకోను, డబ్బు తిరిగివ్వను అనడానికి అమ్మకందారుకు వీల్లేదని వాటిలో ఉంది. కొన్నవాడు ఛాయాగ్రాహకుడై ఉండాలని మాత్రం లేదు. వివాదాలన్నీ ఫలానా మహానగరం కోర్టులోనే అని బిల్లు వెనక చీమ తలకాయలంత అక్షరాల్లో రాసుకున్నా, కొన్నవాడు తానున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. చాలామంది వేయరు. ఆ ధైర్యంతోనే ఈ షరతులన్నీ.

నేను వేస్తానని రాశాక స్వరం మారింది. ముందు అయిదు వందల కూపన్ ఇస్తామన్నారు, తర్వాతి సైకిలు కొన్నప్పుడు వాడుకోవచ్చట. వద్దన్నాను. సరే, సైకిలు వాపసు పంపండి, కానీ వచ్చిన డబ్బాలోనే పెట్టి పంపాలి అన్నారు. మంచం పక్కన నిలబెట్టి ఉన్న ఆ చిరిగిన డబ్బానే ఫోటో తీసి పంపాను. మర్నాటికి జవాబొచ్చింది: 'ఈ డబ్బా రవాణాకు పనికిరాదు. దయచేసి ఇంకా గట్టి డబ్బాలో ప్యాక్ చేయండి.'

ఆ జవాబును జిల్లా కమిషన్‌కు ఇచ్చిన ఫిర్యాదుకు జతచేశాను.