మామిడి కింద మల్లె (టీకా తాత్పర్య సహితం)

మూలం: "మామిడి కింద మల్లె ఏం పూస్తుందే, నీళ్ళు దండగ! ఆ నందివర్ధనాలు నాలుగు కోసుకురా. మిగతాది సాయంత్రం చూద్దాం."

అవతారిక: ఇది బందరులో ఒక పెరటి గుమ్మం దగ్గర, రోహిణి కార్తెలో, పొద్దున్నే వెలువడిన వాక్యం. కార్తె మే 25 ప్రాంతంలో ప్రవేశిస్తుంది. అప్పటికి కృష్ణా కాలువలు కట్టేసి వారాలు దాటి ఉంటాయి. ప్రకాశం బ్యారేజి దగ్గర మళ్ళీ నీళ్ళు వదిలి, బందరు కాలువ తడిసేదాకా చెరువు నీరు తాగడానికి, బోరు నీరు ఉప్పన. కనుక బిందెడు మంచినీళ్ళు ఏ పాదులో పోయాలన్నది ఆ పక్షంలో ధర్మసందేహమే. "పూస్తుందే" అనే పిలుపును బట్టి పలికినది పెద్దావిడ అనీ, విన్నది చిన్నది అనీ తేలుతుంది. అమ్మమ్మా మనవరాలూ అని కొందరు, అత్తాకోడళ్ళు అని కొందరు. రెండో పక్షంవారు "దండగ" అన్న మాటనే సాక్ష్యంగా చూపుతారు. ఈ బందరులో కొంతకాలం కొలువు చేసిన సి.పి. బ్రౌన్ తరవాతి రోజుల్లో మనుచరిత్రకూ వసుచరిత్రకూ జూలూరి అప్పయ్య చేత టీక రాయించాడు. పెరటి వాక్యాలు ఆ జాబితాలోకి ఎక్కలేదు.

ప్రతిపదార్థం: మామిడి కింద = మామిడిచెట్టు నీడన. చెట్టు పక్కింటిదైనా నీడ ఈ ఇంటిదే. మామిడి ఏడాది పొడవునా ఆకు దులపని చెట్టు. దాని నీడ ముద్ద నీడ. దివిసీమలో "కొబ్బరి కింద" అని పాఠాంతరం వినిపిస్తుంది. అది గ్రాహ్యం కాదు. కొబ్బరిది జల్లెడ నీడ; పొద్దుతోపాటు ఎండ మచ్చలు పాదు మీదుగా నడుస్తాయి, మల్లె అరకొరగానైనా మొగ్గ వేస్తుంది, వాక్యం అబద్ధమవుతుంది. గుడివాడవైపు "సపోటా కింద" అనేవారి పాఠం మాత్రం అర్థానికి బాధకం కాదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో సముద్రం వైపు ఊళ్ళ పెద్ద చెట్లు చాలా పోయాయి. కాబట్టి అక్కడ ముద్ద నీడ గురించి ఫిర్యాదు చేయడం ఒక విధంగా భాగ్యం చెప్పుకోవడమే.

మల్లె = బొండుమల్లె. ఏం పూస్తుందే = పూయదు. రూపం ప్రశ్న, అర్థం నిషేధం. దీన్ని కాకువు అంటారు. కారణం: మల్లె మొగ్గ కొత్త చిగురు కొసన కడుతుంది. అందుకే తోటలవాళ్ళు చలికాలంలో నీళ్ళాపి, ఆకు దూసి, కొమ్మ కత్తిరించి, ఎండ పెరిగే వేళకు చిగురు తెప్పిస్తారు. నీడలోనూ చిగురు వస్తుంది గాని వెలుతురు వెతుక్కుంటూ సాగుతుంది. కణుపుకూ కణుపుకూ దూరం పెరిగి, ఆకు వెడల్పై పలచబడి, తీగ గోడెక్కుతుంది. చూసేవారికి కళకళలాడుతూ ఉంటుంది. సజ్జలోకి మాత్రం ఏమీ రాదు. కొమ్మ కొట్టించవచ్చు కదా అని పూర్వపక్షం. అది ఆవకాయ పెట్టే ఇంట నిలవదు.

నీళ్ళు దండగ = పోసిన నీళ్ళు వ్యర్థం. దండుగ అంటే మొదట జరిమానా. చేయని తప్పుకు మల్లె తరఫున బిందెడు జరిమానా చెల్లించినట్టు ధ్వని. ఈ మాటతో చివర మళ్ళీ పని పడుతుంది.

నందివర్ధనాలు = సుడి తిరిగిన అయిదు రేకుల తెల్లని పూలు; ముద్ద నందివర్ధనమైతే రేకుల లెక్క చెదురుతుంది. తుంచితే పాలు కారతాయి. ముదురాకుపచ్చ ఆకుల మధ్య నీడలోనూ పూయడం దీని గుణం. ఏడాదిలో చాలా భాగం పూస్తూనే ఉండటం వల్ల దీనికి రావలసిన గౌరవం రాలేదు. నాలుగు = కొన్ని; అయిదు తెచ్చినా దోషం లేదు. కోసుకురా = కోసుకొని రా. ఇక్కడి "కొను" ఆత్మార్థకం కదా, పూలు పూజకు కదా అని శంక. తాను ముడుచుకున్న దండను దేవుడికిచ్చిన గోద కథను కావ్యం చేయమని రాయలకు కల వచ్చిందని చెప్పే శ్రీకాకుళం ఇక్కడికి దూరం కాదు, ఘంటసాల పక్కనే. ఈ ఆత్మార్థకాన్ని తప్పుపట్టే అర్హత ఈ సీమవారికి లేదు. కోసేటప్పుడు మామిడాకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు మెడలో రాలడం కద్దు. మూలంలో ఆ హెచ్చరిక లేకపోవడమూ అత్తాకోడళ్ళ పక్షానికి బలమిస్తుంది.

మిగతాది = నీడన పూసే తక్కినదంతా. వాక్యంలో అసలు కష్టమైన పదం ఇదే. సాయంత్రం అన్న మాట పక్కనే ఉంది గనక మొదటి అర్థం చంద్రకాంత. నాలుగూ అయిదు గంటల మధ్య విచ్చుతుంది, మబ్బు పడితే ముందే తొందరపడుతుంది, మర్నాడు ఎండ ముదిరేలోపు ముడుచుకుంటుంది. పూరేకులని అందరూ అనుకునేవి నిజానికి రక్షకపత్రాలు. దీనికి ఆకర్షణపత్రాలే లేవు. ఆకు మీది తెలుపు, ఆకుపచ్చ మచ్చలు సంతానానికి తల్లి వైపు నుంచే సంక్రమిస్తాయని 1909లో కార్ల్ కోరెన్స్ చూపించింది ఈ మొక్క మీదనే. అమెరికా ఖండపు మొక్క అయితేనేం, ఇంగ్లీషు కంపెనీ 1611లో కొఠీ వేసిన రేవు ఊళ్ళో ఓడ మీద వచ్చినదాన్ని పరాయిదనడం కుదరదు.

రెండో అర్థం మే పుష్పం. ఆఫ్రికా గడ్డ; నెలల తరబడి ఉనికి తెలియదు, మేలో నేలను చీల్చుకుని ఒక కాడ, దాని మీద ఎర్రని బంతి. ఆ బంతి ఒక్క పువ్వు కాదు, చిన్న చిన్న పూల గుత్తి. నీడ దీనికి హితం. కాని ఇది పగలంతా కనిపించేదే కనుక సాయంత్రం దాకా ఆగమనడం పొసగదు. బ్రహ్మకమలం అనేవారి వాదం ఇంకా బలహీనం. పెరట్లో ఆ పేరు మోస్తున్నది మెక్సికో వైపు నుంచి వచ్చిన, ముళ్ళు లేని జెముడు జాతి. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లోది, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. పెరటిదానికి ఆకులని భ్రమపడేవి కాండాలే, మొగ్గ వాటి అంచున పుడుతుంది. చీకటి పడ్డాక విచ్చి తెల్లవారేసరికి వాలిపోతుంది. అది పూసే రాత్రి వీధంతా హారతికి వస్తుంది గనక "చూద్దాం" అని ఇంత నిర్లిప్తంగా ఎవరూ అనరు. ఒక్క పువ్వు కోసం సత్యభామ చేసిన రభసను వేదికలెక్కించిన కూచిపూడి ఇక్కడికి దూరమేమీ కాదు. వాన లిల్లీ సంగతి మృగశిర వచ్చి, నేల నానాక.

కనకాంబరం మిగిలింది. కనకం, అంబరం: బంగారు వస్త్రం. రంగు చూస్తే బంగారం కాదు, ఇటుక కలిసిన నారింజ, వాసన లేదు. అందుకే మరువంతో కలిపి కడతారు. అర నీడ దీనికి సరిపోతుంది, వేసవి పొడవునా కంకి అడుగు నుంచి పైకి వరస తప్పకుండా విచ్చుతుంది. జడలోకి పూలు కావలసింది సాయంత్రం. మల్లె లేని లోటు తీర్చవలసిందీ ఇదే. కనుక "మిగతాది" అంటే కనకాంబరమే, చంద్రకాంత గౌణార్థం అని సిద్ధాంతం.

అలంకారం: స్వభావోక్తి. రసం గురించి విస్తరించనక్కరలేదు.

తాత్పర్యం: మామిడి ముద్ద నీడలో మల్లె మొగ్గ వేయదు గనక దానికి నీరు పోయడం వృథా, పూజకు నందివర్ధనం, జడకు కనకాంబరం చాలు.

విశేషం: ఇందులో "వృథా" అన్నంతవరకు మూలకర్త్రికి చిన్న పొరపాటు ఉంది. కనకాంబరం కాయ ఎండి కంకిలోనే నిలిచి ఉంటుంది. తడి తగిలితే టప్పున పగిలి గింజను దూరంగా విసురుతుంది. మల్లె పాదులో కుమ్మరించిన నీళ్ళు చింది పక్కనున్న ఎండు కంకుల మీద పడ్డాయి. గింజలు ఎగిరి ఎక్కడ పడ్డాయంటే, ఆ పెరట్లో తడి ఉన్న ఒకే ఒక్క చోట, మల్లె పాదులో.