ఖాళీ ఏంది, నా మొహం!

మా రోజుల్లో కావలి దాటి ఉదయగిరి రోడ్డెక్కితే రెండు పక్కలా చిట్టడివే. రేగు, పరికి, బలుసు, కలివి, తంగేడు. ఇప్పుడు ఆ నేలని చూసినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఏముందబ్బా ఈడ, కంప తప్ప! ఖాళీగా పడుంది." ప్లాట్లకి రాళ్లు పాతేదాకా నిద్రపట్టదు వీళ్లకి.

మా వైపు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సంక్రాంతి పోయాక గడ్డి ఎండటం మొదలైతే ఏప్రిల్‌కి నేల మీద పరక మిగలదు. అప్పుడు జీవాల్ని బతికించేది ఈ కంపే. వేరు లోతుకి దిగుంటుంది కాబట్టి ఎండల్లోనూ ఆకు పచ్చగా ఉండేది. మేక ముందుకాళ్లెత్తి నిలబడి, ముల్లు తప్పించుకుంటూ రేగాకుని పెదాలతోనే దూసేది. గొర్రెలకైతే కాపరి దోటితో తుమ్మకాయలు రాల్చేవాడు. ఇంకో సంగతి. పొద అడుక్కి జీవం మూతి దూరదు గదా, ఆ ముళ్ల చాటునే గడ్డి గింజకట్టి, మళ్లా వానకి చుట్టూ పరుచుకునేది. పొదలు కొట్టేస్తే గడ్డి బాగా వస్తుందనుకోవడం ఈ కాలపు తెలివి.

దేశంలోని గొర్రెజాతుల్లోకెల్లా పొడుగైంది మా నెల్లూరు గొర్రె. దాంట్లో పల్ల, జొడిపి, దోర రకాలన్నీ బీళ్లలో తిరిగి పెరిగినవే. వరికోతలయ్యాక మందలు మాగాణికి దిగేవి. రాత్రిళ్లు ఎరువుకని పొలంలో మంద పెట్టించుకుని రైతు కాపరికి వడ్లు కొలిచేవాడు.

ఆ కలివిపొదల్లో తిరిగే కలివికోడికి ఇంగ్లీషువాళ్లు పెట్టింది నెల్లూరులో డాక్టరుగా చేసిన జెర్డాన్ దొర పేరు. అంతరించిందనుకున్న పిట్ట 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర కనబడింది. దానికోసం తెలుగుగంగ కాలువ దోవే మార్చారు. మంచిపనే. కోడికిచ్చిన మర్యాదలో పావలా వంతు గొర్రెకీ ఇచ్చుంటే బాగుండేది.

ఇక చిల్లచెట్టు, అదే సర్కారుతుమ్మ. 1877లో కడప జిల్లా కమలాపురంలో విత్తనాలు నాటారంట. కాయలు తిన్న పశువులే పేడతో ఊరూరా చల్లాయి. బొగ్గుకీ పొయ్యిలోకీ పనికొస్తుంది, కాదనను. దాని కింద మాత్రం మేత మొలవదు.

వనమహోత్సవమని వచ్చి, ఉన్న పొదలు పీకి, గుంటలు తీసి, మొక్కతో ఫొటో దిగి పోతారు. 2026ని ఐక్యరాజ్యసమితి మేతభూముల, పశుపోషకుల సంవత్సరమని ప్రకటించింది. సంతోషం. ఆ బ్యానరు కట్టడానికి మేత పోరంబోకు ఎక్కడుందో సర్వేయర్ని తీసుకుని ఎతుక్కోవాల్సిందే. ఆదివారం మాంసం కొట్టుకాడ మాత్రం "బయట మేసిందేనా?" అని అడక్కుండా ఒక్కడూ తూకం వేయించుకోడు!