ఎనిమిది కిటికీల అవధానులు

స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మామూలు మనుషులెవరూ కాపురం ఉండరు. బ్రిస్బేన్‌కి నైరుతి దిక్కున, ఇప్స్విచ్ కౌన్సిల్ పరిధిలో, చెరువుల చుట్టూ కట్టుకున్న ఈ ఊళ్ళో తెలుగువాళ్ళందరూ అవధానులే. ఈ సంగతి నాకు ఒక పుట్టినరోజు విందులో తెలిసింది. ఒక చేతిలో పులిహోర ప్లేటు, ఇంకో చేతిలో ఫోను, ఒక చెవిలో ఇయర్‌బడ్, కళ్ళు టీవీలో క్రికెట్ మీద. అలా కొలువుదీరిన ఒక పెద్దమనిషి సెలవిచ్చారు: "మల్టీటాస్కింగ్ అని ఈ తెల్లవాళ్ళు ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నారు గానీ, మనవాళ్ళు ఎప్పుడో చేసి చూపించారండీ. అష్టావధానం అంటే ఏమిటి మరి? ఒకేసారి ఎనిమిది పనులు! అది మన రక్తంలోనే ఉంది." చుట్టూ ఉన్నవాళ్ళు తమ తమ ఫోన్లలోంచి తలెత్తకుండానే అవునన్నారు.

అష్టావధానం ఒక్కసారైనా పూర్తిగా చూసినవారు ఈ మాట అనగలరా? వేదిక మీద ఎనిమిది మంది పృచ్ఛకులు ఉంటారు. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, ఇలా ఒక్కొక్కరిదీ ఒక్కో పరీక్ష. ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు. అవధాని ఒకాయనకి పద్యంలో ఒక్క పాదం చెప్పి, దాన్ని అక్కడ దించేసి, పక్కాయన దగ్గరికి వెళతారు. అలా నాలుగు ఆవృత్తులు తిరిగితే పద్యాలు పూర్తవుతాయి. ఆఖర్న ధారణ. చెప్పిన పద్యాలన్నీ మొదటినుంచీ తడబడకుండా అప్పజెప్పాలి. ఏ క్షణంలో చూసినా ఆయన నోట్లో ఉన్నది ఒకే పద్యం, అందులోనూ ఒకే పాదం. సమస్య ఇచ్చినాయన దత్తపది నడుస్తుండగా పెదవి విప్పరు. అడ్డుపడే హక్కు ఒక్క అప్రస్తుత ప్రసంగిదే. సభ మొత్తంలో ధ్యాస చెడగొట్టే ఉద్యోగాన్ని ఒకే ఒక్కరికి అప్పగించి, ఆయన్ని కూడా కనిపించేలా వేదిక మీదే కూర్చోబెట్టారు మన పెద్దలు. మనమేం చేశాం? మిగతా ఏడుగురు పృచ్ఛకుల్నీ ఇంటికి పంపించేసి, ఎనిమిది మంది అప్రస్తుత ప్రసంగుల్ని జేబులో వేసుకుని తిరుగుతున్నాం.

ఇంకో మాట. శతావధానాలతో జమీందార్లను మెప్పించిన తిరుపతి వేంకట కవులు ఇద్దరు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి. అంతటివాళ్ళే భారాన్ని చెరిసగం పంచుకున్నారు. మన పెద్దమనిషి మాత్రం ఒక్కరే లాక్కొచ్చేస్తున్నారు.

లాక్కురావడం ఎలా ఉంటుందో చూడాలంటే పొద్దున్నే స్ప్రింగ్‌ఫీల్డ్ సెంట్రల్ స్టేషన్‌కి రండి. ఈ స్టేషన్ 2013 డిసెంబరులో తెరిచారు. లైనులో చివరి స్టేషన్ కాబట్టి కూర్చోడానికి సీటు ఖాయం, నగరం చేరేసరికి దాదాపు ముప్పావు గంట పడుతుంది కాబట్టి అవధానానికి కావలసినంత సమయం. ఒళ్ళో ల్యాప్‌టాప్. అందులో ఒక కిటికీలో మీటింగు, ఒక కిటికీలో మెయిలు, ఇంకోదాంట్లో ఇంటిలోను వడ్డీ రేట్లు. ఫోనులో వాట్సాప్ గ్రూపు, అందులో అమరావతిలో ప్లాటు గురించి చర్చ. ఇంతలో మీటింగులో ఎవరో ఈయన పేరు పెట్టి ఏదో అడిగారు. రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత మన అవధాని ధారణ మొదలవుతుంది: "సారీ, మ్యూట్‌లో ఉండిపోయాను, ప్రశ్న ఇంకోసారి చెప్తారా?"

పేరు వినబడటం కూడా అదృష్టమే. 1953లో కాలిన్ చెర్రీ అనే ఆయన మనుషులకి రెండు చెవుల్లో రెండు వేర్వేరు ప్రసంగాలు వినిపించి, ఒకదాన్ని వెంటవెంటనే తిరిగి చెప్పమన్నాడు. రెండో చెవిలో ఏం నడిచిందంటే దాదాపు ఏమీ చెప్పలేకపోయారు. మగ గొంతు ఆడ గొంతయితే పసిగట్టారు గానీ విషయం తలకెక్కలేదు. 1959లో నెవిల్ మోరే ఆ పట్టించుకోని చెవిలోకి వాళ్ళ సొంత పేరే పంపించి చూశాడు. మూడింట ఒక వంతు మందే గుర్తించారు. మేనేజరు గారూ, మూడుసార్లు పిలిస్తే గానీ పలకడం లేదని మావాళ్ళ మీద కోప్పడకండి. శాస్త్రం మావైపే ఉంది.

తలకాయలో అసలు తగువు ఎక్కడుందో చూపించినవాడు జాన్ రిడ్లీ స్ట్రూప్. 1935లో ఈ అమెరికన్ చేసిన పని చాలా చిన్నది. 'ఎరుపు' అనే మాటని పచ్చ సిరాతో అచ్చువేసి, మాట చదవకు, సిరా రంగు చెప్పు అన్నాడు. వట్టి రంగు గళ్ళు వంద చూపిస్తే పేర్లు చెప్పడానికి సగటున 63 సెకన్లు పట్టింది. మాటొకటీ రంగొకటీ అయిన వందకి 110 సెకన్లు పట్టింది. చదువొచ్చిన ఖర్మ అంటే ఇదే. అక్షరం కంటబడితే చదవకుండా ఉండటం మన చేతుల్లో లేదు. చదివిన దాన్ని అణుచుకుని రంగు పేరు బయటికి తీయడానికే ఆ అదనపు టైమంతా పోతుంది. (స్ట్రూప్ ఆ తర్వాత మనస్తత్వశాస్త్ర పరిశోధన దాదాపు పక్కన పెట్టేసి ఎక్కువగా బైబిలు బోధిస్తూ గడిపాడు. ఒకే పని చూసుకున్నాడు పాపం, రక్తంలో లేదు కదా.)

2001లో మాథ్యూ బోట్వినిక్, జొనాథన్ కోహెన్ తదితరులు ఈ తగువు తీరే పద్ధతికి ఒక లెక్క చెప్పారు. మెదడు ముందు భాగంలో, రెండు అర్ధగోళాలూ ఎదురెదురుగా ఉండే లోపలి వైపున యాంటీరియర్ సింగ్యులేట్ అనే చోటు ఉంది. ఒకే సమయంలో రెండు జవాబులు నేనంటే నేనని ముందుకు తోసుకొస్తే అది పసిగడుతుంది. పసిగట్టి ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌కి కబురు పెడుతుంది. అది ఒక పక్షానికి బలం ఇస్తుంది. వివరాల మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, అది వాళ్ళ వృత్తి. మనకి కావలసిందల్లా ఒకటే: వాదినీ ప్రతివాదినీ ఇద్దర్నీ గెలిపించే తీర్పు రచ్చబండ మీద ఎలా ఉండదో, పుర్రె లోపలా అలాగే ఉండదు. మెయిలు చదువుతూ మీటింగు విన్నానని మీరనుకున్నప్పుడు ఒకటి ఓడిపోయింది. ఓడిపోయింది ఏదో మీకు తెలియదు, అంతే.

పోనీ, తీర్పు అయ్యాక రెండోదానికి మారిపోవచ్చు కదా? మారొచ్చు గానీ మనసంతా కదిలి రాదు. సగంలో వదిలేసిన పని దగ్గర కొంత ధ్యాస ఉండిపోతుందని, దాంతో కొత్త పని కుంటుపడుతుందని 2009లో సోఫీ లెరాయ్ చూపించింది. పాదం చెప్పి దించేయడాన్ని అవధాని ఏళ్ళ తరబడి సాధన చేసేది దీనికే. మనం ఏదీ దించం. అన్నీ నెత్తిన పెట్టుకుని ఇంకోటి అందుకుంటాం.

క్వీన్స్‌లాండ్‌లో వేసవికి గడియారాలు ముందుకు జరపరు కాబట్టి మాకూ ఇండియాకీ ఏడాది పొడుగునా నాలుగున్నర గంటలే తేడా. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయితే తెనాలిలో సాయంత్రం నాలుగు. అమ్మ టీ పెట్టుకుని ఫోను కోసం చూసే వేళ. స్పీకర్ ఆన్ చేసి, ఫోను చక్కెర డబ్బాకి ఆనించి, ల్యాప్‌టాప్‌లో రేపటి రిపోర్టు తెరిచి, మన అవధాని పుత్రధర్మం మొదలుపెడతాడు.

"నాన్నకి పొద్దున సుగరు మూడొందలు చూపించిందిరా."

"సూపర్ అమ్మా."

అవతల గరిటె చప్పుడు ఆగింది. "పనిలో ఉన్నట్టున్నావు నాయనా, ఆదివారం చెయ్యి." తెనాలిలో కూర్చున్న ఆవిడ ఏ మెదడు స్కానింగూ లేకుండానే కొడుకు బుర్రలో ఏ పక్షం ఓడిపోయిందో చెప్పేసింది.

మా ఊళ్ళో ఇంకో పరీక్షకుడు ఉన్నాడు, మాగ్‌పై. నలుపూ తెలుపూ కలిసిన పక్షి. శీతాకాలం పోతూ ఉండగా గూడు కట్టి, పిల్లలు ఎగిరేదాకా గూటి కిందుగా నడిచేవాళ్ళని వెనకనుంచి వచ్చి తన్నిపోతుంది. స్ప్రింగ్ లేక్ దగ్గర చెక్క వంతెన మీద ఒకాయన వాకింగూ మీటింగూ కలిపి చేస్తున్నారు. "యెస్, నేను తీసుకుంటాను ఆ పని, శుక్రవారానికల్లా..." అనేలోపు చెవి పక్కన రెక్కల చప్పుడు, ముక్కు టక్కుమన్న శబ్దం. తర్వాత సిడ్నీ ఆఫీసు మొత్తం ఒక అచ్చతెలుగు తిట్టు విన్నది. ఆ ఒక్కసారీ ఆయన మ్యూట్‌లో లేరు. మనం పెట్టే ధ్యాస వేరు, లోకం లాక్కునే ధ్యాస వేరు. ప్రాణం కాపాడుకోవడానికి మెదడు తెరిచి ఉంచిన ఆ రెండో తలుపు దగ్గరే ఫోను కంపెనీలు గంటలు కట్టాయి. తేడా ఏమిటంటే మాగ్‌పై ఏడాదికి మూడు నెలలే పని చేస్తుంది.

రోడ్డు మీద మాత్రం ప్రభుత్వం అవధాన కళని బొత్తిగా గౌరవించదు. 2021 నవంబరు నుంచి క్వీన్స్‌లాండ్‌లో కెమెరాలు స్టీరింగ్ మీద చేతుల్లో ఏముందో ఫోటో తీసి మరీ చూస్తున్నాయి. ఫోను దొరికితే వెయ్యి డాలర్లు దాటిన జరిమానా, లైసెన్సు మీద నాలుగు పాయింట్లు. సెంటెనరీ మోటార్‌వే మీద ఒకసారి సన్మానం అందుకున్న మిత్రుడొకరు "నేను చూడగలనండీ రెండూ" అని ఇప్పటికీ అంటుంటారు. చూడగలిగినవాళ్ళు లేకపోలేదు. 2010లో యూటా విశ్వవిద్యాలయంలో జేసన్ వాట్సన్, డేవిడ్ స్ట్రేయర్ 200 మందిని డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, ఫోనులో లెక్కలూ గుర్తుపెట్టుకోవలసిన మాటలూ ఇచ్చారు. ఏ పనీ చెడకుండా నెగ్గుకొచ్చినవాళ్ళు రెండున్నర శాతం, అంటే ఐదుగురు. 2013లో అదే చోట ఇంకో అధ్యయనంలో, మల్టీటాస్కింగ్‌లో మేము సగటు కన్నా మెరుగు అన్నవాళ్ళు నూటికి 70. ఎక్కువగా ఆ పని చేసేవాళ్ళే పరీక్షలో వెనకబడ్డారు కూడా. ఆ ఐదుగురూ వీసా తీసుకుని మా వీధికే వచ్చి ఉంటారని నా అనుమానం.

ఈ ఊరు పుట్టిన తీరు చెప్తే మన అవధానులకి నచ్చదు. మలేసియాలో పుట్టిన మహా సిన్నతంబి, భాగస్వామి బాబ్ షార్ప్‌లెస్‌తో కలిసి 1992లో ఇక్కడ 2,860 హెక్టార్ల తుప్పల భూమి కొన్నారు. ఆ తర్వాత ఇన్ని దశాబ్దాలూ పట్టుకున్నది ఆ ఒక్క ఊరినే. ఆ ఊళ్ళో ఇల్లు కొనుక్కుని మనం ఎనిమిది కిటికీలు తెరిచాం.

పిల్లల విషయంలో మాత్రం మనకి శాస్త్రం కంఠతా. 2024 నుంచి ఇక్కడి ప్రభుత్వ బడుల్లో ఫోను ముట్టుకోకూడదు అంటే హర్షించాం. 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ళ లోపువాళ్ళకి సోషల్ మీడియా అకౌంట్లు బంద్ అంటే, ఆ వార్తని అన్నం తింటూనే మూడు గ్రూపుల్లో షేర్ చేశాం.

చివరికి వాదం ఓడిపోయే సూచనలు కనిపిస్తే పెద్దమనుషుల దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. "మగవాళ్ళకి రాకపోవచ్చు, ఆడవాళ్ళకి మాత్రం పుట్టుకతోనే వస్తుందండీ. మా ఆవిడ చూడండి, వంట చేస్తూ, పిల్లాడి లెక్కలు చూస్తూ, ఫోను మాట్లాడుతుంది." ఎంత భక్తి! ఎంత సౌకర్యం! చేతగానితనం ప్రకృతి ఇచ్చిందయ్యాక సాయం చేయమని ఎవరడుగుతారు? దిక్కుమాలిన జర్మన్ పరిశోధకులు దీన్నీ వదల్లేదు. 2019లో 48 మంది ఆడవాళ్ళనీ 48 మంది మగవాళ్ళనీ కూర్చోబెట్టి, రెండు పనులు ఒకేసారీ, మార్చి మార్చీ చేయించారు. ఇద్దరికీ ఒకే రకంగా వేగం తగ్గింది, ఒకే రకంగా తప్పులు పెరిగాయి. ఆవిడకి రెండు మెదళ్ళు లేవు, రెండు ఉద్యోగాలు ఉన్నాయి.

ఈ సంగతి చెప్పాక మా వీధిలో ఒకావిడ భర్తకి తెలివిగా ఒకే ఒక్క పని అప్పజెప్పింది: రాత్రి పడుకునేలోపు బిన్ను రోడ్డు అంచున పెట్టండి. ఆయన ఇయర్‌బడ్ సర్దుకుంటూ సరేనన్నారు, పెట్టారు కూడా. పొద్దున్న చెత్త లారీ వచ్చి, ఆగకుండా వెళ్ళిపోయింది. బయట ఉన్నది పసుపు మూత రీసైక్లింగ్ బిన్ను, ఆ వారం దాని వంతు కాదు. "ఏదో ఒకటి పెట్టాను కదా" అన్నారాయన, ల్యాప్‌టాప్‌లోంచి.