మార్కాపురం పలక, అమలాపురం కందం

ఇది ఒక రాతిపలక కథ. పుట్టింది మార్కాపురం గనుల్లో, చేరింది అమలాపురంలో ఒక తెలుగు మాస్టారింటికి. పిల్లలు ఓనమాలు దిద్ది వదిలేసిన పలకను ఆయన రిటైరయ్యాక అటక మీంచి దింపారు. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే కందం కట్టాలని ఆయన కోరిక. ఆ పనికి కాగితం కన్నా తడిగుడ్డ ముఖ్యమంటారు.

మొదట్లో తేలిగ్గానే సాగింది. వికటకవి, కిటికి, పులుపు, కునుకు. వీధిలో ఎవరో "రా మామా రా" అని పిలిస్తే అదీ పలకెక్కింది. వాక్యంలోకి దిగేసరికి తెలుగు మొండికేసింది. మన మాటలు ఎక్కువగా డు, ము, వు, లులతో ముగుస్తాయి. డుతోనో వుతోనో మొదలయ్యే మాటలెక్కడ దొరుకుతాయి? 'కొబ్బరి' తిప్పితే 'రిబ్బకొ' అయింది. చెరిపేశారు.

పూర్వకవులు అందుకే సంస్కృత సంబోధనలను ఆశ్రయించారు. నంది తిమ్మన పారిజాతాపహరణం ఐదో ఆశ్వాసంలో ఒక కందం ఉంది, ఏ పాదానికాపాదం ఎటు చదివినా ఒకటే. మాస్టారు దాని గురులఘువులు పలక మీద గీస్తే కందంలోని సౌకర్యం బయటపడింది. ఆరో గణం నలమో జగణమో కావాలి. ఆ రెండూ తిప్పినా మారవు, పైగా రెండో పాదానికి సరిగ్గా నడుమన పడతాయి. భగణాన్ని తిప్పితే సగణం. ప్రాస మాత్రం రెండువైపులా కట్టేస్తుంది: రెండో అక్షరం 'ర' అయితే చివరినుంచి రెండోదీ 'ర'యే. తిమ్మనకు నాలుగు పాదాల్లో ఎనిమిది 'ర'లు అలా పడ్డాయి. ఎంత ఓపిక!

షాజహాన్ ఆస్థానంలో వెలిగిన జగన్నాథ పండితరాయలది ఈ సీమలోని ముంగండే. ఆయన రసగంగాధరంలో ఏకాక్షర పద్యాలు, పద్మబంధాల వంటి అర్థచమత్కారం లేని శబ్దచిత్రాలను కావ్యాల్లోనే లెక్కించలేదు. మాస్టారికి ఆ తీర్పు శిరోధార్యం. అర్థం రాకపోతే గుడ్డ పడాల్సిందే.

ఒక సాయంత్రం 'లంక' రాసి తిప్పితే 'కలం' వచ్చింది. లంక కలం! ముందు 'మా' చేరిస్తే చివరా 'మా' మిగిలిపోయింది. దానికి 'వే' తగిలించి, అదే 'వే' మొదట్లోనూ పెట్టారు. "వేమా! లంక, కలం మావే." వాడుక తెలుగే, అర్థమూ ఉంది. పలక పొంగిపోయింది.

కందంలో మాత్రం ఒదగలేదు. నడిమి గణానికి నాలుగు మాత్రలు కావాలి, 'కక' రెండే. పక్కనున్న 'లం' గురువు, సగానికి తెగదు. ఎన్ని అక్షరాలు అటూ ఇటూ చేర్చినా అంతే. కాబట్టి నడుమే మార్చాలి. 'టమాట' అచ్చంగా జగణమే, 'నవీన' కూడా. రెండోది పెట్టారు: "వేమా! నవీన మావే." పన్నెండు మాత్రలు, మొదటి పాదానికి సరిపోయాయి. నవీనమైనవి ఏవో ఇంకా తేలలేదు. తేలినా రెండో పాదంలో ఇరువైపులా మళ్లీ 'మ'కారమే పడాలి.