ఆ చట్టం మాత్రం తేవద్దు సార్!

మహారాజశ్రీ తెలంగాణ ముఖ్యమంత్రి గారికి (విద్యాశాఖ కూడా తమ దగ్గరే ఉంది కనుక ఒక్క అర్జీతో సరిపెడుతున్నాను),

సికింద్రాబాద్ జనరల్ బజార్లో రబ్బరు స్టాంపులు చేసుకుని బతికేవాడు నమస్కరించి రాయునది.

మా కొట్టుకు వచ్చే రిటైర్డ్ లెక్చరర్ గారొకరు మొన్న స్టూలు మీద కూర్చుని కొత్త మాట ఎత్తారు. ఎవరు గద్దెనెక్కితే వారు చదువుల ఆఫీసులను కలిపేయడం, విడగొట్టడం, పేరు మార్చడం కుదరకుండా చట్టం రావాలట. శాసనసభలో చర్చ జరగకుండా, ఖర్చెంతో చెప్పకుండా, పాత రికార్డు ఎవరి బీరువాలో ఉంటుందో రాయకుండా ఏ బోర్డునూ కదపకూడదట. వింటుంటే నా గుండె జారింది. మా పొట్ట కొట్టకండి సార్.

ఇంటర్ బోర్డునే చూడండి. 1971లో శాసనసభ చట్టం చేస్తే పుట్టింది. నలభై ఏళ్లకు పైగా ‘ఏపీ’ అనే ఒకే పేరు. మా నాన్న హయామంతా అరిగిన స్టాంపు బదులు మళ్లీ అదే స్టాంపు చేయడంతోనే గడిచిపోయింది. అందులో ఏం మిగులుతుంది? 2014లో రాష్ట్రం వచ్చింది, ‘టీఎస్’ అయింది. 2024లో తమరి సర్కారు ‘టీజీ’ అంది. మారింది ఒక్క ఇంగ్లిషు అక్షరమే. కానీ స్టాంపులో ఒక్క అక్షరం మార్చడం కుదరదు, మొత్తం మళ్లీ చెక్కాల్సిందే. గుండ్రటి సీళ్లు, ప్రిన్సిపాళ్ల పొడుగు స్టాంపులు, అన్నీ. కొట్లో రబ్బరు కాలిన వాసన నెల రోజులు వదల్లేదు. మా ఆవిడ గాజులు చేయించుకుంది.

పది, ఇంటర్‌లకు వేర్వేరు బోర్డులున్న 7 రాష్ట్రాలను రెంటినీ కలిపేసుకోమని 2025లో కేంద్రం సలహా ఇచ్చింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ జాబితాలోనే ఉన్నాయి. ఆ వార్త చదివిన రోజే ఉజ్జయిని మహంకాళి అమ్మవారికి కొబ్బరికాయ కొట్టాను.

లెక్చరర్ గారు ఊరుకుంటారా? ఉన్నత విద్యామండలి కథ ఎత్తారు. రాష్ట్ర విభజన చట్టం పదో షెడ్యూల్లో దాని పేరైతే రాశారు గానీ, ఆస్తులెవరివో తేల్చలేదు. బ్యాంకు ఖాతాలు స్తంభించాయి. పంచాయితీ సుప్రీంకోర్టుకెక్కితే, 2016 మార్చి 18న జనాభా లెక్కన పంచుకోమని తీర్పొచ్చింది. ఆ గొడవలో బాగుపడింది లాయర్లే, మాకు పైసా రాలేదు. అమెరికాలోనూ ఇదే తంతట. 1979లో చట్టంతో పెట్టిన విద్యాశాఖను మూసే పని చూడమని ట్రంప్ గారు 2025 మార్చిలో ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. చట్టం ఉండగానే సిబ్బందిలో దాదాపు సగం మందిని తగ్గించేశారు. అడ్డుకోవడానికి కొందరు బిల్లులు పెట్టారు. చట్టం ఉన్నా కదిపేవాళ్లు కదుపుతారని ధైర్యం తెచ్చుకున్నాను.

ఒక్క సంగతి మాత్రం మనసులో ముల్లులా ఉంది. వారాసిగూడ నుంచి ఒకమ్మాయి వచ్చింది. కెనడాలో ఉద్యోగానికి కాగితాలు పెట్టుకుంటోంది. 2009 నాటి ఇంటర్ మెమో మీద ఏపీ, మధ్యలో తీసుకున్న సర్టిఫికెట్ మీద టీఎస్, మొన్నటి ఉత్తరం మీద టీజీ. మూడూ నా గాజు బల్ల మీద పరిచి, “ఇవన్నీ ఒకే బోర్డువని ఎక్కడైనా రాసుంటుందా అంకుల్?” అని అడిగింది. ఆ మాట చెక్కి ఇచ్చే అధికారం నాకెక్కడిది? ‘ట్రూ కాపీ’ స్టాంపు చేసిచ్చి డబ్బులు తీసుకోలేదు. ఆ నష్టం కూడా తమరి ఖాతాలోనే రాసుకోండి.

ఇవన్నీ విన్నాక తమరు లెక్చరర్ గారి వైపే మొగ్గితే చేసేదేం లేదు, క్యాలెండర్లు అచ్చేసుకుంటాను. లేదూ, బోర్డులు కలిపేదే ఖాయమంటే, కొత్త పేరు స్పెల్లింగ్ ఒకటికి రెండుసార్లు సరిచూసి పంపించండి. చేసిన స్టాంపు వెనక్కి తీసుకోము.

ఇట్లు,
లష్కర్ స్టాంపుల వాడు