ఆకాశానికి వేసే ఎరువు

తమిళనాడులోని శివకాశి టపాసుల పుణ్యమా అని మన దేశంలో ఆకాశానికి కూడా ఏటా దీపావళికి ఎరువు పడుతోంది. టపాసుల్లో వాడే తుపాకిమందులో ముప్పాతిక వంతు సూరేకారమే. అదే సూరేకారాన్ని శుద్ధిచేసి సంచిలో పోసి 13-0-45 అని అచ్చేస్తే, డ్రిప్పులో వదిలే ఖరీదైన పొటాష్ ఎరువు. ఆ చుట్టుపక్కల కోవిల్‌పట్టి, సాత్తూరుల్లో తయారయ్యే అగ్గిపుల్ల నెత్తిన ఉన్నదీ పొటాషియం క్లోరేటే. నిప్పుకి ఇంత పొటాష్ అందుబాటులో ఉన్న సీమలో, పక్కనున్న ఆలంగుళం రైతుకి ఎర్ర పొటాష్ (మ్యూరియేట్ ఆఫ్ పొటాష్) మాత్రం రష్యా నుంచో కెనడా నుంచో ఓడెక్కి రావాలి. సముద్రం అవతల యుద్ధమొస్తే ఇక్కడ మక్కజొన్న ఖర్చు పెరుగుతుంది.

అందుకే ప్రత్యామ్నాయాలు పుట్టుకొచ్చాయి. వాటి దర్శనం చేసుకుందాం.

మొదటిది మొలాసిస్ పొటాష్. చక్కెర మిల్లు మడ్డి డిస్టిలరీకి వెళ్లి, సారాయి పోగా మిగిలిన మురుగుని కాలిస్తే వచ్చే బూడిద. 2021 అక్టోబరులో కేంద్రం దీనికి 50 కిలోల బస్తాకి 73 రూపాయల సబ్సిడీ ఇచ్చింది. ఏటిలో కలవాల్సిన మురుగు చేలోకి వస్తోంది కనుక దీన్ని వెక్కిరించడానికి నాకు నోరు రాదు. కాకపోతే ఇందులో పొటాష్ 14.5 శాతం, ఎర్ర పొటాష్‌లో 60. ఒక్క బస్తా బదులు నాలుగు మోయాలి. మోత కూలికి మాత్రం సబ్సిడీ ప్రకటించడం మరిచారు.

రెండోది ఆలంగుళం సిమెంటు ఫ్యాక్టరీ సొంత సరుకు. సిమెంటు బట్టీ పొగలోంచి రాలే దుమ్ములో పొటాష్ ఉంటుంది, అబద్ధం కాదు. కానీ దాంతోపాటు సున్నమూ దండిగా ఉంటుంది. దున్నితే సున్నపు గులకలు తేలే ఈ కరిసల్ నల్లరేగడిలో దాన్ని చల్లమనడం, చక్కెర జబ్బువాడికి లడ్డూ పెట్టడమే.

మూడోది సీసా. దీని వైభవం వేరు. వానాధారంగా పత్తీ మినుమూ పండించే రైతుకి అమ్మే సీసా మీద నిగనిగలాడే ద్రాక్షగుత్తి బొమ్మ. లోపల పొటాష్‌ని కరిగించే బ్యాక్టీరియా, పేరు ఫ్రాట్యూరియా. మట్టిలో బిగుసుకున్న పొటాష్‌ని వేరుకి అందేలా చేయడం దాని పని. లేనిదాన్ని పుట్టించడం దానికీ చేతకాదు. పైగా అది ప్రాణి. రేకుల కప్పు కింద, రోహిణి ఎండలో, పురుగుమందు డబ్బాల నడుమ నెలల తరబడి కూర్చున్నాక సీసాలో మిగిలేది దాని ఆత్మ. రైతు ఆ ఆత్మకి పద్ధతిగా బెల్లం నీళ్లు కలిపి చేలో తర్పణం వదులుతాడు.

ఇక నాలుగోదానికి బిల్లుండదు కనుక ప్రచారమూ లేదు. మక్కజొన్న పీల్చిన పొటాష్‌లో సింహభాగం గింజలో కాదు, చొప్పలోనే ఉంటుంది. ఆ చొప్పని మనం బండెక్కించి పంపేసి, పత్తికట్టెని పొయ్యిలో పెట్టి, బూడిదని చెత్తకుండీకి దానం చేసి, పొటాష్ కొనడానికి టౌనుకి బస్సెక్కుతాం.

అసలు నల్లరేగడిలో పొటాష్ సాధారణంగా పుష్కలమే. ఉందో లేదో మట్టి పరీక్ష చెబుతుంది. కోవిల్‌పట్టిలో నూరేళ్లు దాటిన వ్యవసాయ పరిశోధనా కేంద్రమే ఉంది. 2015 నుంచి దేశమంతా నేల ఆరోగ్య కార్డులూ పంచుతున్నారు. ఆ కార్డుని అందరికంటే శ్రద్ధగా చదివేది ఎరువుల కొట్టాయనే.

"పొటాష్ తక్కువ అని రాశారా అన్నా? అయితే బస్తా తీసుకో."

"లేదు, ఎక్కువ అని ఉంది."

"ఇంకేం మరి! అంత ఉన్నదాన్ని కరిగించొద్దూ? సీసా తీసుకో."

"మధ్యస్థం అని ఉంటే?"

"రెండూ."