సంఖ్యాశాస్త్రిగారి గడులు

ప్రతి సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనూ ఒక సంఖ్యాశాస్త్రి ఉంటాడు. వెబ్‌సైట్లలో మనం నింపే దరఖాస్తులు ఆయన కట్టినవే. అంకెలతో రాసేదల్లా సంఖ్యేనని ఆయన సిద్ధాంతం. పిన్‌కోడ్, ఫోను, బ్యాంకు ఖాతా, దేనికైనా ఒకటే మంత్రం: గడికి టైప్ నంబర్ పెట్టు, వచ్చినదాన్ని సంఖ్యగా మార్చు. ముందున్న సున్నాకు విలువ లేదని లెక్కల మాస్టారు చెప్పిన మాటను ఆయన ఇప్పటికీ జవదాటడు. అందుకే హైదరాబాద్ ఎస్టీడీ కోడ్ 040 ఆయన చేతిలో పడి 40 అవుతుంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కాపురమున్న తెలుగువాడి జిప్‌కోడ్ 08820 కాస్తా 8820గా చిక్కిపోతుంది. పద్దెనిమిది అంకెల ఖాతా నంబరైతే ఇంకా ప్రమాదం. 9007199254740991 దాటాక జావాస్క్రిప్ట్ సంఖ్యలు ప్రతి పూర్ణాంకాన్నీ కచ్చితంగా నిలుపుకోలేవు. చివరి అంకెలు మారి, మన డబ్బు ముక్కూమొహం తెలియనివాడి ఖాతా వైపు చూస్తుంది.

విచిత్రమేమిటంటే, నిజంగా లెక్క కట్టాల్సిన చోట ఈయన పరధ్యానంగా ఉంటాడు. టైప్ నంబర్ అని రాసినా బ్రౌజర్ ఆ గడి విలువను అక్షరాల వరుసగానే చేతికిస్తుంది. ఆ సంగతి మరిచి, 100 రూపాయల ధరకు 18 రూపాయల పన్ను కలపమంటే రెండింటినీ పక్కపక్కన అతికించి 10018 బిల్లు వేస్తాడు. గోల లేచాక మార్పిడి మొదలెడతాడు గానీ, ముందూవెనకా చూడడు. వయసు గడి ఖాళీగా వదిలిన పింఛనుదారు ‘నంబర్’ ఫంక్షన్ చేతిలో సున్నా ఏళ్ల పసికందు అవుతాడు. టైప్ నంబర్ పెట్టడం మరిచిన గడిలో జీతం 1,20,000 అని కామాలతో రాస్తే ‘పార్స్‌ఇంట్’ ఫంక్షన్ మొదటి కామా దగ్గరే ఆగిపోయి ఒక్క రూపాయి మిగులుస్తుంది. అడిగితే, “నా సిస్టంలో బాగానే వస్తోందండీ” అంటాడు. అదీ నిజమే: ఆయన పరీక్షించేది ఎప్పుడూ కామాలు లేని 1234తోనే.

ఆయన వైపు న్యాయం బొత్తిగా లేదనలేం. టైప్ నంబర్ లేకపోతే ఫోన్‌లో అంకెల కీబోర్డు రాదనీ, జనం నోటికొచ్చింది టైపు చేస్తారనీ ఆయన భయం. కానీ కీబోర్డుకు ‘ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్’ ఉంది. ఎన్ని అంకెలుండాలో చెప్పడానికి ‘ప్యాటర్న్’ ఉంది. ఆయన కట్టిన కట్టుదిట్టమైన గడి మాత్రం 1e5 అని కొడితే లక్ష కాబోలని మర్యాదగా లోపలికి రానిస్తుంది. ఏ గడి పెట్టినా సర్వర్ దగ్గర మళ్లీ తనిఖీ తప్పదు, ఎందుకంటే బ్రౌజర్ కాపలాను దాటడం కష్టమేమీ కాదు. కార్డు నంబర్లకూ పోస్టల్ కోడ్‌లకూ టైప్ నంబర్ తగదని హెచ్‌టీఎంఎల్ ప్రమాణమే చెబుతోంది. అంతదూరం వెళ్లకపోయినా ఒక ప్రశ్న చాలు: దీన్ని కూడితే, సగటు తీస్తే ఏమైనా అర్థముందా? జీతానికి ఉంది, అక్కడ ఖాళీనీ కామాలనూ చూసుకుని ఒక్కసారి శుభ్రంగా మార్చుకోవాలి. ఖాతా నంబరుకు లేదు. దాన్ని అక్షరాలుగానే వదిలేయాలి. కాదు కూడదంటే, శాస్త్రిగారు తన ఫోన్ నంబరుకూ మేనేజర్ ఫోన్ నంబరుకూ సగటు తీసి, ఆ నంబరుకే సెలవు చీటీ పంపుకోవచ్చు.